2011 సిటీ ఆటోమేటిక్: రెండు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు జారుతోంది, 'డి' లైటు మెరుస్తోంది

బెజవాడ టీచర్:
అందరికీ నమస్కారం. మాది హోండా సిటీ, 2011 మోడల్, పెట్రోల్ ఆటోమేటిక్. 1,34,000 కిలోమీటర్లు తిరిగింది. పోయిన ఏడాది చివర్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. నాకు మోకాలి అరుగుదల ఉంది, క్లచ్ తొక్కలేను కాబట్టి ఆటోమేటిక్ తప్ప వేరే దారి లేదు. మంగళగిరిలో స్కూలుకు రోజూ ఇందులోనే వెళ్లి వస్తాను.

పొద్దున ఏ ఇబ్బందీ ఉండదు. సాయంత్రం బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో కాసేపు నలిగాక మొదలవుతుంది. రెండు నుంచి మూడుకు మారే చోట ఇంజన్ ఒక్కసారిగా అరుస్తుంది. ఆర్‌పీఎమ్ ముల్లు 2,000 దగ్గర ఉన్నది 3,000 దాటిపోతుంది, బండి మాత్రం లాగదు. క్షణం తర్వాత కుదుపుతో పట్టుకుంటుంది. రివర్స్ నుంచి డి (డ్రైవ్) లోకి వేసినా కింద ఎక్కడో గుద్దినట్టు చప్పుడు వస్తోంది. అప్పుడప్పుడు మీటర్లో 'డి' అక్షరం ఆగకుండా మెరుస్తుంది. బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే పోతుంది.

ఒక గ్యారేజీలో చూపించాం. ఒక రౌండు తిప్పుకొచ్చి "గేర్‌బాక్స్ అయిపోయింది మేడమ్, దించి ఓవరాలింగ్ చేయాలి, తొంభై వేలు అవుతుంది" అన్నారు. నిజంగానే పోయిందా? ముందుగా చూడాల్సినవి ఇంకేమైనా ఉన్నాయా? చాలా టెన్షన్‌గా ఉంది.

ఆటోనగర్ అన్న:
మేడమ్, కంగారు పడకండి. ఒక రౌండు తిప్పి ఎవరూ గేర్‌బాక్స్ పోయిందని తేల్చలేరు. వాళ్లు స్కానర్ (బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే పరికరం) పెట్టారా? గేర్ ఆయిల్ లెవెల్ చూసే పుల్ల తీసి చూశారా? ఈ రెండూ చేయకుండా తొంభై వేలు చెప్పి ఉంటే ఆ మాటను పక్కన పెట్టేయండి.

నాకు మూడు విషయాలు చెప్పండి. ఆయిల్ ఎప్పుడు మార్చారో పాత ఓనర్ బిల్లు ఏదైనా ఇచ్చాడా? జారడం రెండు-మూడు మధ్యేనా, మిగతా గేర్లలో కూడానా? రివర్స్‌లో వెనక్కి వెళ్లేటప్పుడు లాగుడు బాగానే ఉందా?

కొత్త బండి:
మా సెలెరియోలో అచ్చం ఇలాగే వచ్చిందండి. క్లచ్ ప్లేట్లు మార్చి, యాక్చుయేటర్ సెట్టింగ్ చేయించాక సరిపోయింది. ఖర్చు కూడా పెద్దగా అవ్వలేదు. మీరూ క్లచ్ మార్పించి చూడండి.

ఆటోనగర్ అన్న:
తమ్ముడూ, మీది ఏఎమ్‌టీ. అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని యంత్రం చేస్తుంది. మేడమ్‌గారి బండిలో ఉన్నది టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, అంటే ఇంజన్ శక్తి ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందుతుంది. అందులో మీరనుకునే క్లచ్ ప్లేటు లేదు. లోపల ఒక్కో గేరుకు ఒక్కో తడి క్లచ్ ప్యాక్ ఉంటుంది, ఆయిల్ ప్రెజర్‌తో పట్టుకుంటుంది. బాక్సు విప్పకుండా దాన్ని ముట్టుకోలేరు.

ఇంకో జాగ్రత్త అందరికీ. సిటీ అనే పేరు ఒకటే అయినా లోపలి పెట్టె తరాన్ని బట్టి మారింది. దీని ముందు తరం సిటీలో ఆటోమేటిక్ అంటే సీవీటీ, విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచేది. మేడమ్‌గారి తరంలో ఐదు గేర్ల ఆటోమేటిక్. 2014లో వచ్చిన సిటీలో మళ్లీ సీవీటీ. వీటి ఆయిల్స్ వేరు. షాపుకు వెళ్లి "సిటీ ఆటోమేటిక్‌కి ఆయిల్ ఇవ్వు" అంటే ఏదో ఒకటి చేతిలో పెడతారు. మోడల్ ఏడాది చెప్పి, డబ్బా మీద పేరు చదివి తీసుకోండి. ఈ ఐదు గేర్ల బాక్సుకు ముందు హోండా జెడ్-1 ఆయిల్ ఉండేది, దాని స్థానంలో ఇప్పుడు డీడబ్ల్యూ-1 వస్తోంది.

బెజవాడ టీచర్:
ధన్యవాదాలు అన్నా. స్కానర్ పెట్టలేదు, పుల్ల కూడా తీయలేదు. ఆయిల్ మార్చిన బిల్లు ఏదీ లేదు. ఇంజన్ ఆయిల్ బిల్లులు మాత్రం ఇచ్చారు. జారేది రెండు-మూడు మధ్య మాత్రమే. రివర్స్‌లో లాగుడు బాగుంది, పట్టుకునేటప్పుడే ఆ గుద్దుడు.

డాలస్ తెలుగు:
అక్కా, మీరు చెప్పిన తీరులోనే సగం సమాధానం ఉంది. నేను ఇక్కడ పాత కార్లు కొని బాగు చేసుకుని వాడుతుంటాను. స్టూడెంట్లుగా వచ్చిన మనవాళ్లు కొనేవి ఎక్కువగా లక్షన్నర మైళ్లు దాటిన కామ్రీలు, కరోలాలు. అందరూ అదే ప్రశ్నతో వస్తారు: గేర్‌బాక్స్ పోయిందా?

అన్ని గేర్లలోనూ జారితే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న వాటిని అనుమానించాలి: ఆయిల్ తక్కువ కావడం, పంపు, లోపలి ఫిల్టర్, మెయిన్ ప్రెజర్. ఒకే ఒక్క గేరు దగ్గర జారితే ఆ గేరు క్లచ్, దానికి ఆయిల్ పంపే సోలెనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు), ఆ దారిలోని వాల్వు లేదా సీలు, లేకపోతే దానికి సంబంధించిన సెన్సరు. మీకు మూడో గేరు ఒక్కటే ఇబ్బంది పెడుతోంది కాబట్టి బాక్సు మొత్తం పోయిందనే మాట నిలబడదు.

చలి, వేడి తేడా కూడా చూడాలి. రాత్రంతా ఆగి ఉన్న బండి పొద్దున డి లో వేయగానే పట్టుకోకుండా ఆలస్యం చేస్తే, ఆయిల్ కిందికి జారిపోయిందనో సీళ్లు గట్టిపడ్డాయనో అనుకోవచ్చు. మీకు దానికి వ్యతిరేకంగా ఉంది, వేడెక్కాకే వస్తోంది. వేడికి ఆయిల్ పలచబడి, ఎక్కడైనా చిన్న లీకు ఉంటే ప్రెజర్ తగ్గుతుంది. వేడికి వైరింగ్‌లో వదులు కనెక్షన్ కూడా తెగుతుంది. 'డి' మెరవడం, ఇగ్నిషన్ ఆపితే పోవడం చూస్తే నాకు రెండోదాని మీదే అనుమానం ఎక్కువ. 'డి' మెరిసిందంటే గేర్‌బాక్స్ కంప్యూటర్ ఒక తప్పు నమోదు చేసుకుందని అర్థం. ముందు ఆ కోడ్ చదివించండి.

స్కానర్ విషయంలో ఒక మాట. పి0700 ఒక్కటే చూపిస్తే అది జబ్బు పేరు కాదు, గేర్‌బాక్స్ వైపు ఏదో ఉందని చెప్పే పిలుపు మాత్రమే. చవక బ్లూటూత్ స్కానర్లు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. గేర్‌బాక్స్ మాడ్యూల్ లోపలికి వెళ్లగలిగే స్కానర్ ఉన్నచోటికి వెళ్లండి. చెరిపేసే ముందు కోడ్‌ను ఫోటో తీసి పెట్టుకోండి.

పాలమూరు పిల్లోడు:
హోండా ఆటోమేటిక్ గేర్‌బాక్సులు అమెరికాలో లక్షల్లో వెనక్కి పిలిచారని ఎక్కడో చదివాను. ఇది కూడా అదేనేమో? అలాగైతే ఎంత ఖర్చు పెట్టినా దండగే కదా.

డాలస్ తెలుగు:
ఆ రీకాల్ నిజమే. 2004లో, దాదాపు 11 లక్షల బండ్లు. కానీ అవి అకార్డ్ వీ6, ఒడిస్సీ, పైలట్, కొన్ని అక్యూరాలు; పెద్ద ఆరు సిలిండర్ల ఇంజన్లకు జోడించిన బాక్సులు. వాటిలో రెండో గేరు వేడెక్కి పళ్లు విరిగే ప్రమాదం ఉందని పిలిచారు. సిటీలో ఉన్నది చిన్న ఇంజన్‌కు చేసిన వేరే బాక్సు. ఆ కథను దీనికి అంటగట్టకూడదు.

గోదారి గట్టు:
మేడమ్, కోడ్ చదివించేలోపు ఇంట్లోనే ఆయిల్ చూసుకోవచ్చు. అయితే పద్ధతి తెలియాలి. చాలా కంపెనీల బండ్లలో ఇంజన్ ఆన్‌లో ఉంచి పుల్ల చూస్తారు. హోండాల్లో అలా కాదు. బండిని సమతలంగా ఉన్నచోట ఆపి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేంత వేడెక్కనిచ్చి, ఇంజన్ ఆపేయాలి. ఆపాక 60 నుంచి 90 సెకన్ల మధ్యలో పుల్ల తీసి తుడిచి, మళ్లీ పెట్టి చూడాలి. ఇంజన్ నడుస్తుండగా చూసి తక్కువుందనుకుని పైన పోసేవాళ్లను చూశాను. ఎక్కువైనా ప్రమాదమే. నురగ కట్టి ప్రెజర్ నిలవదు.

తెల్లటి టిష్యూ మీద ఒక చుక్క వేయండి. ఎర్రగా ఉంటే మంచిది. గోధుమ రంగులోకి తిరిగి ఉంటే వయసైపోయింది, మార్చాలి. నల్లగా ఉండి మాడిన వాసన వస్తే క్లచ్ లైనింగ్ కాలిందని భయపడాలి. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే నీళ్లో కూలెంటో లోపలికి చేరినట్టే. అలా కనిపిస్తే బండిని నడపొద్దు, లాగించుకుని తీసుకెళ్లండి. చాలా కార్లలో గేర్ ఆయిల్‌ను చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలి నుంచే వెళ్తుంది. మన దగ్గర కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసీ పోసీ రేడియేటర్‌ను తుప్పు పట్టిస్తారు. అది లోపల చిల్లు పడితే గేర్‌బాక్స్ కూడా పోతుంది. యాభై రూపాయల డిస్టిల్డ్ వాటర్ దగ్గర పొదుపు చేసి ఇంత పెద్ద నష్టం తెచ్చుకోవడం చూస్తే బాధేస్తుంది.

సింగ్‌నగర్ వాసి:
బండి కొన్నది విజయవాడలోనేనా అండీ? 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో అది ఎక్కడుందో కనుక్కున్నారా? అప్పుడు మా వీధిలో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వాటిలో చాలా కడిగి, పాలిష్ పెట్టి అమ్మేశారు. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి చూడండి. చివర్లో బురద మరక ఉంటే నీళ్లు చూసిన బండే. స్పేర్ టైరు గుంటలో కూడా చూడండి.

ఆటోనగర్ అన్న:
ఇది మంచి ప్రశ్న. ఆ వరద తర్వాత మా దగ్గరికి వచ్చిన ఆటోమేటిక్‌లలో రెండు రకాలు చూశాను. నీళ్లు బానెట్ దాకా వచ్చిన బండ్లలో గేర్‌బాక్స్ పైనుండే గాలి రంధ్రం గుండా లోపలికి నీళ్లు దిగాయి. ఆ నీటికి క్లచ్ ప్లేట్ల మీది లైనింగ్ జిగురు వదిలేస్తుంది. వెంటనే దింపి శుభ్రం చేయకపోతే అవి బతకవు. నీళ్లు చక్రాల మధ్యదాకా మాత్రమే వచ్చిన బండ్లలో లోపల బాగానే ఉంటుంది, కానీ గేర్‌బాక్స్ మీద ఉండే స్విచ్‌ల కనెక్టర్లలో తేమ చేరుతుంది. అప్పుడేమీ తెలియదు. నెలలు గడిచాక పచ్చగా తుప్పు పట్టి కనెక్షన్ వదులవుతుంది.

బెజవాడ టీచర్:
మీరు చెప్పినట్టే చేశాం. సీటు బెల్టు శుభ్రంగా ఉంది, కానీ స్పేర్ టైరు గుంటలో ఎండిన ఒండ్రు కనిపించింది. అమ్మిన బ్రోకర్‌కు ఫోన్ చేస్తే "చక్రాల దాకానే వచ్చాయి మేడమ్" అని ఇప్పుడు చెబుతున్నాడు. కొనేటప్పుడు ఆ మాట చెప్పలేదు. చాలా బాధగా ఉంది.

ఆయిల్ లెవెల్ సరిగ్గా ఉంది. రంగు ముదురు గోధుమ, మాడిన వాసన లేదు, పాల రంగు లేదు. మంచి స్కానర్ ఉన్నచోట పెట్టించాం. పి0848 వచ్చింది. ఇంకేమీ లేవు. ఫోటో తీసి పెట్టాను.

డాలస్ తెలుగు:
పి0848 అంటే ఆయిల్ ప్రెజర్ స్విచ్ 'బి' సర్క్యూట్. హోండాల్లో అది మూడో క్లచ్ ప్రెజర్ స్విచ్. మీ లక్షణం మూడో గేరు దగ్గరే, కోడ్ కూడా మూడో గేరుదే. రెండూ ఒకే చోటికి వచ్చాయి.

ఆ స్విచ్ పని చాలా చిన్నది. మూడో క్లచ్‌లోకి ప్రెజర్ రాగానే మూసుకుని, "పట్టుకుంది" అని కంప్యూటర్‌కు చెబుతుంది. ఆ కబురు రాకపోతే మూడో గేరు ఎక్కిందో లేదో కంప్యూటర్‌కు తెలియదు, రెండును వదిలే సమయం తప్పుతుంది, మధ్యలో ఇంజన్ ఖాళీగా అరుస్తుంది.

కానీ అక్కా, ఇక్కడే తొందరపడకూడదు. ఈ కోడ్ రెండు రకాలుగా రావచ్చు. ప్రెజర్ వచ్చినా స్విచ్ లేదా దాని వైరు చెప్పకపోవడం ఒకటి. నిజంగానే ప్రెజర్ రాకపోవడం రెండోది. మొదటిది చిన్న రిపేరు, రెండోది బాక్సు లోపలి పని. రెండింటినీ వేరు చేయకుండా ఎవరు ఏ మాట చెప్పినా అది ఊహే.

ఆటోనగర్ అన్న:
వేరు చేసే పద్ధతి ఉంది. ఈ బాక్సుకు ప్రతి క్లచ్‌కూ విడిగా ప్రెజర్ చూసే రంధ్రం బయటే ఉంటుంది. బోల్టు తీసి గేజి బిగించి, బండిని జాకీ మీద లేపి, మూడో గేరులో ప్రెజర్ ఎంత వస్తోందో చూడొచ్చు. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా వేడెక్కాక ఒకసారి. మీ ఇబ్బంది వేడిలోనే కాబట్టి వేడి రీడింగే ముఖ్యం. కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన అంకెతో పోల్చాలి. ప్రతి గ్యారేజీలో ఈ గేజి ఉండదు. ఆటోమేటిక్ బాక్సులు మాత్రమే చేసేవాళ్ల దగ్గరికి వెళ్లి "ముందు ప్రెజర్ చూపించండి, తర్వాత మాట్లాడదాం" అని అడగండి. గేజి లేదన్నవాళ్ల దగ్గర బాక్సు విప్పించొద్దు.

గేజి పెట్టేలోపు స్విచ్ కనెక్టర్ ఊడదీసి లోపల చూడమనండి. మల్టీమీటర్‌తో వైరులో ఓల్టేజీ వస్తోందో, స్విచ్ పిన్నుకూ బాడీకీ మధ్య కంటిన్యుటీ (కరెంటు దారి కలిసి ఉండటం) ఉందో చూడాలి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు కంటిన్యుటీ ఉండకూడదు, మూడో గేరు పట్టినప్పుడు ఉండాలి. బ్యాటరీ, బాడీ ఎర్త్ వైరు కూడా చూడండి. ఓల్టేజీ పడిపోయిన పాత బండ్లలో గేర్‌బాక్స్ కంప్యూటర్ లేనిపోని తప్పులు చూపిస్తుంది.

ఆ గుద్దుడు వేరే సంగతి కావచ్చు. ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి, హ్యాండ్ బ్రేకు వేసి, ఆర్ (రివర్స్) నుంచి డి కి మారుస్తుంటే ఇంకొకరు పక్క నుంచి బానెట్ లోపల చూడండి. ఇంజన్ ఎగిరి పడుతుంటే దాన్ని బాడీకి పట్టి ఉంచే మౌంటు రబ్బరు చీలినట్టే. బండి ముందు మాత్రం ఎవరూ నిలబడొద్దు.

కరీంనగర్ కాకా:
నా అనుభవంలో ఒక మాట చెబుతా. లక్ష కిలోమీటర్లు దాటాక ఎన్నడూ మార్చని గేర్ ఆయిల్‌ను ఇప్పుడు కదిలించొద్దు బిడ్డా. మా చుట్టాలాయన మార్పించిండు, నెల తిరగకముందే బండి కదలలే. పాత ఆయిల్‌తోనే నడవనియ్యి.

గోదారి గట్టు:
కాకా, మీ మాట కొట్టిపారేయను, చాలామంది ఇదే చెబుతారు. కానీ ఆ బండ్లు ఆయిల్ మార్చడానికి ఎందుకు వెళ్లాయో చూడాలి. అప్పటికే జారుతుంటేనే వెళ్తారు. క్లచ్ లైనింగ్ అప్పటికే అరిగిపోయి ఉంటుంది, మార్చినా మార్చకపోయినా పోయేదే, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. రెండో కారణం మెషిన్ ఫ్లష్. ఒత్తిడితో కడిగితే ఏళ్ల మురికి కదిలి, ఆయిల్‌ను క్లచ్‌లకు పంచే వాల్వ్ బాడీలోని సన్న దారుల్లో ఇరుక్కోవచ్చు. ఫ్లష్ వద్దని నేనూ అంటాను.

మేడమ్‌గారి ఆయిల్‌లో మాడిన వాసన లేదు. కాబట్టి నిదానంగా మార్చవచ్చు. కింది బోల్టు తీస్తే దాదాపు సగమే దిగుతుంది, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. దిగినంత కొలిచి అంతే కొత్తది పోసి, కొన్నాళ్లు అన్ని గేర్లలో నడిపి, మళ్లీ అలాగే చేయాలి. ఒకసారికి సగం, రెండోసారికి ముప్పావు, మూడోసారికి ఇంకాస్త పైన కొత్తదవుతుంది.

దింపేటప్పుడు మీరు అక్కడే ఉండండి. ఆ బోల్టుకు అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిద రంగు మెత్తటి పేస్టు ఉంటే మామూలు అరుగుదల. ముక్కలు, రేకులు ఉంటే అప్పుడు బాక్సు విప్పే మాట మాట్లాడుకుందాం. ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.

హైవే రాజా:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాది వేరే పాత ఆటోమేటిక్. 60-70 స్పీడులో యాక్సిలరేటర్ మెల్లగా నొక్కి వెళ్తుంటే గతుకుల రోడ్డు మీద పోయినట్టు వణుకుతుంది. ఇది కూడా స్విచ్చేనా?

డాలస్ తెలుగు:
కాదు తమ్ముడూ, మీది టార్క్ కన్వర్టర్ లాకప్ (స్పీడులో ఇంజన్‌నూ గేర్‌బాక్స్‌నూ నేరుగా కలిపే క్లచ్) అయ్యుండొచ్చు, ఇంజన్ మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం) కూడా కావచ్చు. ఆ వణుకు వచ్చినప్పుడు యాక్సిలరేటర్ కదపకుండా ఎడమ కాలితో బ్రేకును చాలా తేలికగా, లైటు వెలిగేంత మాత్రమే తాకండి. వెనక బండ్లు లేని ఖాళీ రోడ్డు మీదే. బ్రేకు సిగ్నల్ అందగానే లాకప్ వదిలేస్తుంది. వణుకు ఆ క్షణమే ఆగితే లాకప్ వైపు చూడండి, మొదట ఆయిల్ మార్పుతో మొదలుపెట్టండి. ఆగకపోతే స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ చూపించండి. ప్లగ్గు పోతే గేర్‌బాక్స్ విప్పినవాళ్లు నాకు తెలుసు. మీరు వేరే థ్రెడ్ పెట్టండి, ఇక్కడ కలిసిపోతుంది.

బెజవాడ టీచర్:
అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. ఆటోమేటిక్ బాక్సులు మాత్రమే చేసే ఒకాయన దొరికారు. ముందు ప్రెజర్ చూపించమని అడగ్గానే "మీకెవరు చెప్పారు మేడమ్" అని నవ్వి, వెంటనే ఒప్పుకున్నారు.

మూడో క్లచ్ ప్రెజర్ చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కాకా మాన్యువల్‌లో ఇచ్చిన హద్దులోనే ఉంది. స్విచ్ కనెక్టర్ విప్పితే లోపల పచ్చగా తుప్పు. ఒక పిన్ను సగం తినేసి ఉంది. కనెక్టర్ ముక్క, స్విచ్, కింద వాషర్ అన్నీ కొత్తవి వేశారు. స్విచ్ ఇక్కడ దొరకలేదు, హైదరాబాద్ రాణీగంజ్ నుంచి తెప్పించారు. బాడీ ఎర్త్ వైరు కూడా తుప్పు పట్టి ఉంటే మార్చారు. గేర్‌బాక్స్ వైపు మౌంటు రబ్బరు అడ్డంగా చీలిపోయి ఉంది, అదీ మార్చారు. ఆయిల్ ఒక విడత దింపి డీడబ్ల్యూ-1 పోశారు. అయస్కాంతం మీద బూడిద పేస్టు మాత్రమే ఉంది, ముక్కలు లేవు. మొత్తం కలిపి మొదట చెప్పిన తొంభై వేలలో ఐదో వంతు కూడా కాలేదు.

ఎండలో, ట్రాఫిక్‌లో బాగా తిప్పి చూశాను. రెండు-మూడు మధ్య అరుపు పోయింది, 'డి' మెరవలేదు, గుద్దుడు లేదు. ఒక్కటి మాత్రం మిగిలింది: సిగ్నల్ దగ్గర నెమ్మదిగా ఆగుతుంటే కింది గేరుకు దిగేటప్పుడు చిన్న కుదుపు తెలుస్తోంది. వచ్చే నెల ఇంట్లో అందరం శ్రీశైలం వెళ్దామనుకుంటున్నాం. ఘాట్ రోడ్డు మీద ఈ బండిని నమ్మవచ్చా?

ఆటోనగర్ అన్న:
చాలా సంతోషం మేడమ్. ఆ చిన్న కుదుపుకు ఇప్పుడే ఏమీ చేయించొద్దు. లోపల సగం పాత ఆయిలే ఉంది, పైగా ఇన్నాళ్లూ తప్పు సమాచారంతో నడిచిన కంప్యూటర్ కొత్త పట్టుకు అలవాటు పడాలి. రెండో విడత ఆయిల్ అయ్యాక కూడా ఉంటే చూద్దాం. ఆ కనెక్టర్ పక్కనే ఉన్న మిగతా కనెక్టర్లను కూడా విప్పి చూసి శుభ్రం చేయమనండి. అదే నీళ్లు వాటికీ తగిలి ఉంటాయి.

శ్రీశైలానికి రెండో విడత ఆయిల్ పోయించాకే బయలుదేరండి. ఘాట్‌లో దిగేటప్పుడు డి లో వదిలేసి బ్రేకుల మీదే ఆధారపడకండి, కింది గేరులో పెట్టి ఇంజన్ పట్టుతో దిగండి. ఎక్కేటప్పుడు 'డి' మెరిస్తే నీడ చూసి పక్కకు ఆపి చల్లారనివ్వండి, మొండిగా ఎక్కించొద్దు. ఎక్కడైనా ఆగిపోతే ముందు చక్రాలు నేల మీద దొర్లుతుండగా తాడు కట్టి లాగించొద్దు. ఇంజన్ ఆగితే గేర్‌బాక్స్ పంపూ ఆగుతుంది, ఆయిల్ అందక లోపలి భాగాలు పొడిగా తిరిగి కాలిపోతాయి. బండి మొత్తాన్ని పైకెక్కించే లారీనే పిలిపించండి. బయలుదేరే ముందు ఇన్సూరెన్స్‌లో ఆ సౌకర్యం ఉందో లేదో చూసి, నంబరు ఫోన్లో పెట్టుకోండి.